పొదిలి మాస్టారికి ఏ కారు?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. పొదిలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇంట్లో వ్యాగన్‌ఆర్ ఉంది, కుటుంబం అవసరాలన్నీ దాంతోనే గడిచిపోతున్నాయి. ఇప్పుడు నాకోసం, నడపడంలో ఉండే ఆనందం కోసం ఒక కారు కొనుక్కోవాలని ఉంది. ఊళ్లో పదిమంది దగ్గరా ఉండేది కాకూడదు. నాలుగున్నర లక్షలు దాచుకున్నాను. కాంటెస్సా, జిప్సీ, ఫియట్ పాలియో 1.6 మనసులో తిరుగుతున్నాయి. స్నేహితులేమో అప్పు చేసైనా కొత్త థార్ తీసుకోమంటున్నారు. మా ఆవిడ ‘ఏదైనా కొనుక్కోండి గానీ నడిరోడ్డు మీద మమ్మల్ని నిలబెట్టకండి’ అంది. రెండు నెలలకోసారి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్తుంటాం. ఆ ఘాట్‌లో మలుపు తిప్పేటప్పుడు వ్యాగన్‌ఆర్‌లో కూడా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఏది కొనమంటారు?
- ఒక ఉపాధ్యాయుడు, పొదిలి

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగు కార్ల పేర్లు రాశారు గానీ, మీకు కావలసింది ఏమిటో చివర్లో ఆ మలుపు గురించి రాసిన మాటలోనే ఉంది. కొందరికి కారు పక్కన నిలబడితే ఆనందం. కొందరికి దారి లేని చోటికి పోతే ఆనందం. మీకు స్టీరింగ్ చేతిలో తిరుగుతుంటే ఆనందం. ఈ మూడింటికీ మూడు వేర్వేరు కార్లు కావాలి. ఇది తేల్చుకోకుండా కొన్నవాళ్లు ఆరు నెలల్లో బేరానికి పెట్టడం నెల్లూరు ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.

ముందు కాంటెస్సా సంగతి చెబుతాను, ఎందుకంటే అది నా సంగతి కూడా. 1984లో వచ్చిన కారు అది. ఇంగ్లండ్‌లో వాక్స్‌హాల్ వాళ్లు వదిలేసిన బాడీకి మొదట్లో అంబాసిడర్ ఇంజనే పెట్టారు. అంత బరువును ఆ ఇంజను లాగలేకపోయేది. తర్వాత ఇసుజు 1.8 పెట్రోల్ ఇంజను, ఐదు గేర్లు వచ్చాక గానీ దానికి ప్రాణం రాలేదు. 2008లో చెన్నైలో ఒక పార్టీ దగ్గర అలాంటిదే ఒకటి కొన్నాను. ముదురు నీలం రంగు, అద్దంలా మెరుస్తోంది. చిన్నప్పుడు కావలి ట్రంకు రోడ్డు మీద కాంటెస్సా పోతుంటే సైకిల్ ఆపి చూసేవాణ్ణి. ఆ ప్రేమలో కింద పడుకుని చూడాలన్న ఆలోచనే రాలేదు. సూళ్లూరుపేట దాటాక వాన అందుకుంది. నాయుడుపేట వచ్చేసరికి నా పాదాల కింద నీళ్లు. ఇంటికొచ్చి మ్యాట్ ఎత్తితే, ఇనుము ఉండాల్సిన చోట పుట్టీ, దాని మీద తారు. మర్నాడు మా టింకరింగ్ ఆయన స్క్రూడ్రైవర్ ఆనించాడు, అది నేరుగా నేలకు తగిలింది. ఫ్లోర్ మొత్తం కోసి కొత్త రేకు వేయించడానికి, ముందు అద్దం, దాని రబ్బరు వెతకడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత ఏడాది నడిపాను. ఐదో గేరులో ఆ పొడవాటి బానెట్ వెనక కూర్చుని చల్లటి పొద్దున కావలి నుంచి ఒంగోలు వెళ్తుంటే ఎంత హాయిగా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది. కానీ అది తిన్నటి రోడ్డు హాయి. ఘాట్‌లో మలుపు దగ్గర ఆ బండి నీళ్లబిందెలా పక్కకి ఒరుగుతుంది. మీకు అది కాదు.

జిప్సీ నాకు చాలా ఇష్టమైన బండి. 1985లో వచ్చింది. 970 సీసీ చిన్న ఇంజనుతో మొదలై తర్వాత 1.3 లీటర్లకు మారింది. తేలికైన ఒళ్లు, నాలుగు చక్రాలకూ శక్తి, నెమ్మదిగా అయినా బలంగా లాగే లోరేంజి గేరు. బురదలో పెద్ద పెద్ద బండ్లు కూరుకుపోయిన చోట కూడా మేకపిల్లలా దాటిపోతుంది. అయితే దానికి ముందూ వెనకా కమాన్ కట్టలే. గతుకుల్లో నడుం లాగేస్తుంది. మలుపులో వేగంగా తిప్పితే ఒళ్లంతా ఊగుతుంది. వెనక పిల్లలు అడ్డంగా ఉన్న బెంచీల మీద కూర్చోవాలి. పోనీ దారిలేని చోట తిప్పుకుందామంటే మన చుట్టుపక్కల ఎక్కడ తిప్పుతారు? నల్లమల పులుల అభయారణ్యం, రోడ్డు దిగనివ్వరు. కొత్తపట్నం ఇసుక ఉంది కదా అని అటు తీసుకెళ్లేవాళ్లను చూశాను. చలికాలం చివర్లో మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. చక్రం పడితే ఆ గుడ్లన్నీ పోతాయి. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

పాలియో 1.6 మీ మనసుకు దగ్గరైన కారే. 100 హార్స్‌పవర్, బరువైన తలుపులు, రోడ్డును అరచేతికి తెలియజేసే స్టీరింగ్. ఇరవై ఏళ్ల క్రితం అడిగుంటే కళ్లు మూసుకుని కొనమనేవాణ్ణి. ఫియట్ మన దేశంలో కార్లు అమ్మడం ఆపేసి ఏళ్లయింది. ఒక సెన్సర్ పోతే చెన్నై పుదుపేట పాత సామాన్ల సందుల్లో రెండు ఆదివారాలు తిరగాలి. దానికి సమయం, తెలిసిన మెకానిక్ రెండూ ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. పొదిలిలో ఉంటూ, ఇంట్లో మీ ఆవిడ పెట్టిన ఆ ఒక్క షరతు పాటించాలంటే కష్టం. థార్ మంచి బండే, కానీ మీరే ‘పదిమంది దగ్గరా ఉండేది వద్దు’ అన్నారు. పైగా అప్పు చేసి కొన్న బండిని ఘాట్‌లో మనసారా నడపలేరు, ప్రతి గీతకీ టెన్షనే.

మరి నేను చెప్పే కారు మీ జాబితాలో లేదు. పాత మారుతి జెన్.

తీసిపారేయకండి. 1993లో వచ్చింది, 2006లో ఆగిపోయింది. 993 సీసీ ఇంజను, మొత్తం అల్యూమినియం. మొదట్లో 50, తర్వాతి వాటిలో 60 హార్స్‌పవరే. కానీ కారు బరువు ఎనిమిది వందల కిలోలకు లోపే. మీరు లెక్కల మాస్టారు, తక్కువ బరువు మలుపులో ఎంత కలిసొస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. ఇంకో సంగతి కాగితం మీద కనపడదు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కాక ఎంత పెద్ద ఇంజనున్నా మీరు పోగలిగేది నలభై, యాభై వేగం. మలుపు అవతల ఆర్టీసీ బస్సు ఉందో, కోతుల గుంపు ఉందో తెలీదు. 145 హార్స్‌పవర్ కారులో యాక్సిలేటర్ సగం తొక్కేలోపే బ్రేకు వేయాలి. జెన్‌లో రెండో గేరులో ఇంజను గొంతెత్తేదాకా లాగినా స్పీడోమీటర్ యాభై చుట్టుపక్కలే ఉంటుంది. ఉన్న శక్తిలో చాలావరకు వాడుకుంటూ, క్షేమమైన వేగంలో ఉంటూ నడపడం. నా లెక్కలో అసలైన సరదా అదే. గేర్ రాడ్ పొట్టిగా, టక్కున పడుతుంది. సీటు కిందికి ఉంటుంది కాబట్టి రోడ్డు మీద కూర్చున్నట్టే ఉంటుంది. నేను రిపేరుకొచ్చిన జెన్‌లను టెస్టుకని తీసుకెళ్లి జొన్నవాడ దాకా పోయి వచ్చేవాణ్ణి, అంత దూరం అవసరం లేకపోయినా.

అది ఊరూరా ఉన్న కారే కదా అంటారేమో. ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు తుప్పు లేని, మార్పులు చేయని జెన్ ఎక్కడైనా ఆగి ఉంటే జనం వచ్చి పలకరిస్తారు. ఇంకా అరుదైనది కావాలంటే 2003లో కార్బన్, స్టీల్ అనే పేర్లతో రెండే తలుపులున్న జెన్‌లు కొద్దిగా వచ్చాయి. కార్బన్ నలుపు, స్టీల్ వెండి రంగు. మంచిది దొరికితే వదలకండి. రెండు జాగ్రత్తలు. జెన్ డీజిల్ అని పెజో ఇంజనుతో ఒకటి వచ్చింది, ముక్కు బరువు, మీరనుకున్న తేలికదనం ఉండదు. 2006 చివర్లో వచ్చిన జెన్ ఎస్టిలోకు పేరు మాత్రమే జెన్, లోపల వ్యాగన్‌ఆర్. అది మీ ఇంట్లో ఉండనే ఉంది.

లోపాలు కూడా చెప్పాలి. ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, రేకు పలచన. చీమకుర్తి దగ్గర గ్రానైట్ బండలు మోసుకుపోయే ట్రైలర్ల పక్కన పిల్లల్ని ఎక్కించుకుని నడపాల్సిన కారు కాదు. కుటుంబంతో ఒంగోలు వెళ్లాలంటే వ్యాగన్‌ఆర్ తీయండి. జెన్ మీ ఒక్కరికి, తెల్లవారుజామున, ఖాళీ రోడ్డుకి. ఘాట్‌కి వెళ్లేటప్పుడు బయల్దేరే వేళ చూసుకోండి, రాత్రిపూట ఆ అడవి రోడ్డులో వాహనాలను వదలరు.

ఇక ఏ జెన్ కొనాలన్నది అసలు విషయం. మోడల్ కంటే ఆ ఒక్క బండి ముఖ్యం. ఇంజను పోతే బాగుచేయొచ్చు, సామాన్లు దొరుకుతాయి, పని తెలిసినవాళ్లు పొదిలిలోనే ఉంటారు. బాడీ తుప్పు పడితే మాత్రం డబ్బు పోస్తూనే ఉండాలి. అందుకని సముద్రపు గాలి తగిలే ఊళ్ల బండి వద్దు. కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు బండ్లు, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండ్లు ఎంత మెరిసినా పక్కన పెట్టండి. అనంతపురం, కర్నూలు, కడప వైపు వెతకండి. అక్కడ ఎండకి రంగు వెలిసి ఉంటుంది, రేకు మాత్రం గట్టిగా ఉంటుంది. వెలిసిన రంగును చూసి బేరం కూడా తగ్గించుకోవచ్చు.

చూడటానికి వెళ్లేటప్పుడు పలచటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో వేసుకోండి. తలుపుల కింది అంచులు, చక్రాల పైన వంపులు, తలుపు కింద పొడవునా ఉండే రన్నింగ్ బోర్డు, వీటి మీద పెట్టి చూడండి. అంటుకోకుండా జారిందంటే అక్కడ పుట్టీ ఉన్నట్టు. బానెట్ ఎత్తి ముందు సస్పెన్షన్ బిగించిన గుండ్రటి చోట్ల చుట్టూ చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి కింద చెయ్యి పెట్టండి. మ్యాట్లు ఎత్తించండి. ఎత్తనివ్వకపోతే అక్కడినుంచే వచ్చేయండి. నేను ఆ రోజు చెన్నైలో చేయని పని అదొక్కటే. నీళ్లలో మునిగిన బండేమో చూడాలంటే సీటుబెల్టును చివరిదాకా బయటికి లాగండి. పైన ఎంత కడిగినా, లోపల చుట్టలో ఉన్న ఆ చివరి జానెడు బెల్టు మీద బురద చార పోదు. 2015లో, 2023లో చెన్నై మునిగింది, 2021లో పెన్నా పొంగి మన కోవూరు, పడుగుపాడు మునిగాయి. ఆ నీళ్లు తాగిన బండ్లు కొన్ని ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. మీరొచ్చేసరికి బానెట్ వేడిగా ఉంటే, సాయంత్రం వస్తానని చెప్పి టీ తాగి రండి. స్టార్ట్ అయిన తర్వాత నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. తెల్లపొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే ఇంజను పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దండి, అచ్చు పడిన నంబరు ఆర్‌సీలోదేనా చూడండి. 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అమ్మేవాళ్లు ఆ పని చేయించి ఇస్తేనే డబ్బు ఇవ్వండి. పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఢిల్లీలో ఆంక్షలు ఉండటంతో అక్కడి బండ్లు చవగ్గా వస్తుంటాయి. అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ, మన దగ్గర కట్టాల్సిన లైఫ్‌ట్యాక్స్, తెప్పించే ఖర్చు కలిపితే ఆ చవకంతా కరిగిపోతుంది. నన్నడిగితే ఏపీ నంబరు బండే తీసుకోండి.

పాత పద్ధతి కార్బురేటర్ జెన్ కంటే, పెట్రోలును కొలిచి ఇంజనులోకి చిమ్మే ఎంపీఎఫ్‌ఐ పద్ధతితో 2000 తర్వాత వచ్చిన జెన్ మీకు నయం, పొద్దున్నే విసిగించదు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఆ రోజుల్లో కార్లను దీనికోసం తయారు చేయలేదు, రబ్బరు గొట్టాలు మెత్తబడి పగుళ్లిస్తాయి. కొన్న వారంలోనే పెట్రోల్ గొట్టాలన్నీ, ఫిల్టర్ కొత్తవి వేయించండి. ఇథనాల్ తేమను లాగుతుంది కాబట్టి నెలల తరబడి నిలబెట్టకండి, వారానికోసారైనా తిప్పండి.

మీ నాలుగున్నర లక్షలూ బండికే పెట్టకండి. సగానికి పైగా చేతిలో ఉంచుకోండి. అందులోంచి ముందు టైర్లు, బ్రేకులు, నాలుగు షాక్ అబ్జార్బర్లు, క్లచ్, ఏసీ చూపించండి, మ్యూజిక్ సిస్టమ్ చివరికి. ఇవన్నీ ఒక ఎండాకాలం సెలవుల్లో మెకానిక్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చేయించండి. స్పార్క్ ప్లగ్గు తీయడం, ఆయిల్ మార్చడం మీరే నేర్చుకోండి. దోర్నాల ఘాట్ ఎక్కి వచ్చాక నాకు ఇంకో ఉత్తరం రాయండి, ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: మా నాన్నగారి 1972 ఫియట్ 1100 షెడ్డులో ఎనిమిదేళ్లుగా కదలకుండా ఉంది. ఆయన పోయారు. దాన్ని మళ్లీ నడిపించి, వింటేజ్ నంబరు వేయించి, ఆదివారాలు గుడికి, మైపాడు బీచ్‌కి తీసుకెళ్లాలని నా కోరిక. ఎలా మొదలుపెట్టాలి?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అమ్మా, ముందు నంబరు సంగతి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. మీ కారుకు అర్హత ఉంది. అయితే ఆ నంబరుతో రోజువారీగా తిరగకూడదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, పెట్రోలు, రిపేరు, ఇలాంటి వాటికే రోడ్డెక్కాలి. గుడికి, బీచ్‌కి తీసుకెళ్లాలన్న మీ కోరిక దానితో తీరదు. కాబట్టి మామూలు రిజిస్ట్రేషనే మీ పేరు మీదకి మార్పించుకుని, ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోండి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో ఈ ఫీజును 10,000 చేశారు. గడువు దాటిపోయి ఉంటే ఆలస్యానికి నెలనెలా అదనంగా పడుతుంది, అందుకని కాగితాల పని ముందు మొదలుపెట్టండి.

ఇంకోమాట, ఎవరు చెప్పినా సరే, కొత్త బ్యాటరీ పెట్టి వెంటనే తాళం తిప్పకండి. ఎనిమిదేళ్లు నిలబడ్డ ఇంజనులో పిస్టన్ రింగులు గోడలకు పట్టేసి ఉంటాయి. ప్లగ్గులు తీయించి, ఆ రంధ్రాల్లో రెండు చెంచాల ఇంజనాయిల్ పోయించి రెండు రోజులు వదిలేయండి. తర్వాత ఇంజనును చేత్తో నెమ్మదిగా తిప్పించండి. పాత పెట్రోలు మొత్తం తీసి ట్యాంకు కడిగించాలి. బ్రేకు సిలిండర్ల రబ్బర్లు ఎండిపోయి ఉంటాయి, నాలుగు చక్రాలవీ మార్పించాకే బండి షెడ్డు దాటాలి. గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది, మీ చేతికి అలవాటు కావడానికి వారం పడుతుంది. మైపాడు వెళ్లొచ్చిన ప్రతిసారీ కింది భాగమంతా మంచినీళ్లతో కడిగించండి. సీట్ల గుడ్డ మార్చే ముందు నాన్నగారి సీటు ఒక్కటి అలాగే ఉంచుకునే వీలుందేమో చూసుకోండి. మా నాన్న స్కూటర్ సీటు నేను మార్పించేశాను, ఆ తొందర ఎందుకు పడ్డానా అని ఇప్పటికీ బాధపడుతుంటాను.

ప్రశ్న: సర్, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇంట్లో 2014 ఆల్టో ఉంది. దానికి టర్బో, పెద్ద సైలెన్సర్ పెట్టించి స్పోర్ట్స్ కారులా చేయాలనుంది. ఎంతవుతుంది?
- ఒక విద్యార్థి, కావలి

జవాబు: బాబూ, చేయించొద్దు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని, ఇంజనును మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయొచ్చు. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు చిక్కుల్లో పడతారు. నీకు వేగం ఇష్టమైతే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల రేసు ట్రాక్ ఉంది. కావలి నుంచి ఉదయం బయల్దేరితే మధ్యాహ్నానికి అక్కడుంటావు. ముందు ఒక రేసు చూసి రా.

ఆల్టోకి మాత్రం ఒక పని ఈ రోజే చెయ్యి. టైరు పక్కన చివర నాలుగు అంకెలు ఉంటాయి చూడు. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైందని. ఆరేళ్లు దాటి ఉంటే గాళ్లు ఎంత లోతున్నా ఆ రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, వానలో పట్టు ఉండదు. టర్బోకి దాచిన డబ్బుతో నాలుగు టైర్లు, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిల్ మార్పించు. స్టెప్నీ టైరు మీద కూడా అంకెలు చూడటం మర్చిపోకు.